వెనక చూసే మనిషి

వాళ్ళిద్దరూ ఒకే బస్సు మీద జుట్టు నెరిపించుకున్నవాళ్ళు. ఒకాయన డ్రైవరు, ఇంకొకాయన కండక్టరు. ఉద్యోగం అయిపోయాక కూడా పిలుపులు మారలేదు. పెద్దాయన డ్రైవరన్న, చిన్నాయన తమ్ముడు. భార్య పోయాక డ్రైవరన్న గోడల వంక చూస్తూ కూర్చుంటుంటే ఓర్చుకోలేక, కూతురు కంప్యూటర్లో ఒక యుద్ధం ఆట పెట్టిచ్చింది. ఆయన ఊరుకుంటాడా, కండక్టరునీ లాగాడు.

"ఈ వయసులో మనకు తుపాకులెందుకన్నా?" అని ఈయన నసిగాడు.

"నువ్వు బెల్లు కొట్టకుండా నేనెప్పుడు బండి తీశాన్రా?"

ఆ మాటతో కండక్టరూ తన ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటకు కూర్చున్నాడు.

ఆ ఆటలో ఎగిరి దూకి టపటపా కాల్చేస్తానంటే కుదరదు. నలుగురు ఒక జట్టు, ఎవరి పని వాళ్ళది. ముందు నడిచి ఆజ్ఞలిచ్చే నాయకుడు డ్రైవరన్న. పెద్ద తుపాకీ మోసేది రొట్టెల బట్టీలో పనిచేసే లావుబాబు. దెబ్బ తగిలినవాళ్ళకు కట్లు కట్టేది ఒక నర్సమ్మ, బయటా ఆమె పని అదే. అందరికంటే చివర కండక్టరు. మిగతా ముగ్గురూ ముందుకు చూస్తుంటే ఆయన వెనక్కి చూస్తూ నడవాలి. నాయకుడు "వెనక?" అంటాడు. "ఖాళీ" అని ఈయన చెబితేనే జట్టు కదులుతుంది. బస్సు వెనక తలుపు దగ్గర జీవితమంతా చేసింది దాదాపు ఇదే కాబట్టి, ఆ పని ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గుండు తగిలి పోయినవాడు ఆట అయ్యేదాకా నోరు మెదపకూడదు. చచ్చినవాడికి కబుర్లేమిట్రా అని డ్రైవరన్న పెట్టిన నియమం అది.

కొన్నాళ్ళకు డ్రైవరన్న తీరు మారింది. మలుపు దగ్గర ఒక్కసారి అడిగే మనిషి, అడుగడుక్కీ "వెనక?" అనడం మొదలుపెట్టాడు. లావుబాబు కిసుక్కున నవ్వేవాడు. కండక్టరుకు మాత్రం ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళు నా బెల్లు నమ్మి బస్సు నడిపినవాడికి ఇప్పుడు నా మాట మీద అనుమానమా? అసలే ముక్కు మీద కోపం. ఒక సాయంత్రం డ్రైవరన్న మళ్ళీ అడిగితే, బిగదీసుకుని ఊరుకున్నాడు.

"వెనక? తమ్ముడూ... వెనక?"

పలకలేదు. నాయకుడు దాక్కున్న గోడ చాటు వదిలేసి, దేనికోసమో తడుముకుంటున్నట్టు బట్టబయలులోకి వచ్చి అటూ ఇటూ తిరిగాడు. ఒక్క గుండుకు కూలిపోయాడు. లావుబాబు పగలబడి నవ్వాడు. కండక్టరూ నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ ముద్ద దిగదు.

మర్నాడు డ్రైవరన్న ఆటకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అలక చాలించుకుని కండక్టరే ఇంటికి వెళ్ళాడు. కూతురు తలుపు తీసి, గొంతు తగ్గించింది.

"నాన్నకు కళ్ళు పోతున్నాయి బాబాయ్. ఇప్పుడు నీడలు తప్ప ఏమీ కనబడవు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఆట ఎలా ఆడేవాడమ్మా?"

"అందులో మనిషి ఎటు నిలబడితే మాట అటు నుంచే వినిపిస్తుంది కదా. మీ గొంతు వెనక వినబడుతోందంటే తను ముందుకే పోతున్నట్టు. అందుకే అన్నిసార్లు అడిగేవాడు."

కండక్టరుకు అప్పుడు అర్థమైంది. తను నోరు మూసుకోవడం కాదు, అన్న చేతికర్ర లాక్కున్నాడు.

లోపల డ్రైవరన్న ఆరిపోయిన తెర ముందు కూర్చుని, పనికిరాని కళ్ళజోడును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"అన్నా, నాదే తప్పు. రా, ఆడదాం. ఇంకోసారి నోరు మూస్తే అడుగు."

"వద్దురా. దారి కనబడనివాడు నలుగురిని వెంటేసుకుని నడవకూడదు. బస్సుకైనా అంతే."

బతిమాలాడు, తిట్టాడు, చివరికి అన్నాడు: "సరే, ముందు నేను నడుస్తా. నువ్వు నా వెనక ఉండు."

"చూపు లేనివాణ్ణి కాపలా పెట్టుకుంటావా?" డ్రైవరన్న నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. కండక్టరు ఆయన చెయ్యి పట్టుకుని, అది ఆగేదాకా వదల్లేదు.

మరుసటి సాయంత్రం నలుగురూ ఆటలో కలిశారు. కూలిన ఇళ్ళ మధ్య సందు, జట్టుకు ముందు కండక్టరు, అందరికంటే వెనక డ్రైవరన్న.

"వెనక?" అన్నాడు కండక్టరు.

డ్రైవరన్న చెవులు రిక్కించి విన్నాడు. తర్వాత, "ఖాళీరా తమ్ముడూ. పద."

వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే సరిపోయేది. చూస్తే అన్న మాటకు విలువేముంటుంది? ముందుకు నడిచాడు. వెనక మేడ కిటికీలోంచి తుపాకీ పేలింది. కండక్టరు పడిపోయాడు.

"అదేంటి, వెనక నుంచి కదా..." అనబోయాడు లావుబాబు.

"నువ్వుండు," అంది నర్సమ్మ.

"తమ్ముడూ?" అన్నాడు డ్రైవరన్న. "తమ్ముడూ?"

కట్టుబాటు ప్రకారం కండక్టరు మాట్లాడకూడదు. "ముందు నుంచే తగిలిందన్నా," అన్నాడు. "వెనక ఖాళీయే."

గుండు మోత ఎటు నుంచి వచ్చిందో డ్రైవరన్న చెవులకు తెలియకపోలేదు.

"సరేరా," అన్నాడు డ్రైవరన్న. "చచ్చినవాడివి. మాట్లాడకూడదు."