పహిల్వాన్ వెనక చక్రం

ఆ రోజుల్లో, ఏ ఆటనైనా టీవీలో కొన్నాళ్లు శ్రద్ధగా చూస్తే అది మనకూ వచ్చేసినట్టేనని నాకు గట్టి నమ్మకం. (క్రికెట్ విషయంలో దేశమంతటికీ అదే నమ్మకం కాబట్టి నన్నొక్కణ్ణే అనడానికి లేదు.) ఛత్తీస్‌గఢ్‌లోని ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్లో డ్రాయింగులు గీసే కొత్త ఉద్యోగం, టాటీబంధ్‌లో బాబాయి వాళ్లింట్లో మకాం. జులై వచ్చిందంటే సాయంత్రాలు ఫ్రాన్సులో జరిగే సైకిల్ పందెం ముందు కూలబడేవాణ్ణి. రోజుకో ఊరు దాటుతూ మూడు వారాలు సాగే పందెమది. హిందీ సీరియల్ పోయిందన్న కోపంతోనే పిన్ని పక్కన కూర్చుని, "ఏట్రా, ముందొచ్చినోడు ఒకడైతే పసుపు చొక్కా ఇంకోడికిస్తన్నారు?" అని అడిగింది. అన్ని రోజులదీ కలిపి ఎవరికి తక్కువ సమయం పట్టిందో వాడికే పసుపు చొక్కా అనీ, చివర్లో మెరుపులా దూకేవాళ్లకి పచ్చ చొక్కా వేరే ఉందనీ విడమరిచి చెప్పాను. వారం తిరిగేసరికి పిన్ని సీరియల్ మరిచిపోయి, వంటింట్లోంచే కొండ ఎక్కడం మొదలైందా అని కనుక్కునేది.

నేను మాత్రం అసలు కిటుకు పట్టేశాను. ముందువాడి వీపు చాటున నక్కి తొక్కితే ఎదురుగాలి వాడు తింటాడు, బలం మనకి మిగులుతుంది, చివర్లో ఒక్క దూకు దూకితే చాలు. ఆ ఏడు విశ్వకర్మ పూజకి మా యూనిట్ వాళ్లు పక్కనున్న ధర్సీవా ఊరి దాకా వెళ్లి వచ్చే సైకిల్ పందెం పెట్టగానే, గెలుపు నాదేనని అందరికీ ముందే చెప్పేశాను. పిన్ని తన పాత చీరతో పసుపు చొక్కా కుట్టి, బాబాయిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

మా స్టోర్‌కీపర్ని అందరూ పహిల్వాన్ అనేవారు. అంత వెడల్పాటి వీపు ఛత్తీస్‌గఢ్ మొత్తం మీద ఇంకొకటి ఉండదు. జెండా ఊపగానే ఆ వీపు వెనక చేరి, తల వంచి, ఆయన వెనక చక్రం మీదే చూపు నిలిపాను. సన్నగా తుంపర. నిజంగానే గాలి తగల్లేదు, ఆయాసం రాలేదు. చివర్లో వీళ్లందరి మీద జాలి పడాల్సి వస్తుందేమోనని కూడా అనుకున్నాను. ఇంతలో ఆ చక్రం ఎడమకి తిరిగింది, నేనూ తిరిగాను. అది ఆగింది, నేనూ ఆగాను. తలెత్తితే ఎదురుగా సమోసాల మూకుడు.

"అరే ఇంజనీర్ సాబ్, ఆప్ భీ?" అన్నాడు పహిల్వాన్, మీరూ ఇక్కడికేనా అన్నట్టు ఆప్యాయంగా. తన పందెం మొదటినుంచీ ఈ కొట్టు వరకేనట. రోడ్డు మీదికి చూస్తే మనవాళ్లెవరూ లేరు. ఆయన చేతిలో పెట్టిన సమోసా కాదనలేక తిని, ధర్సీవాకి ఒంటరిగా వెళ్లి తిరిగొచ్చాను. అప్పటికి ప్రసాదాలు పంచడం కూడా అయిపోయింది. గేటు దగ్గర పిన్ని, బాబాయి మాత్రమే నిలబడి ఉన్నారు.

పిన్ని నా పసుపు చొక్కా మీది కొత్తిమీర పచ్చడి మరకని కాసేపు చూసి, "పోన్లేరా, పచ్చదీ పసుపుదీ రెండూ నువ్వే కొట్టినావు" అంది. బాబాయి అటు తిరిగి దగ్గాడు.

ఇప్పుడా ఫ్రాన్సు పందెం ఫోన్లో చూస్తాను. కొండ మలుపుల్లో కుర్రాళ్లు లేచి తొక్కుతుంటే దుప్పటి కింద నా కాళ్లూ ఆడతాయి. "ఇప్పుడైతే తొక్కగలరా?" అని మా ఆవిడ అడుగుతుంది. మోకాళ్ల సంగతి ఆమెకి తెలుసు. అయినా నేను కిటికీలోంచి బయటికి చూసి, ఇవాళ రోడ్డు తడిగా ఉందంటాను.