మా ఆయన పొట్టలో గింజ

మా ఆయనకు ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరని తేలాక రాజమండ్రి ఆసుపత్రిలో పొట్టకు ఒక సూది వేశారు. దాని గొట్టంలోంచి వడ్లగింజంత తెల్లటి ముక్క చర్మం కిందకు దిగింది. "నెలంతా ఇదే పనిచేస్తుందండి. నెలకి రండి, ఇంకోటి పెడతాం" అని సిస్టర్ గారు పంపేశారు.

ఇంటికొచ్చాక నా వేలు పట్టుకుని బొడ్డు పక్కన పెట్టుకున్నారు. తగిలింది. లేసు అల్లే వేళ్ళు కదా, దారంలో ముడి ఎక్కడున్నా పట్టేస్తాయి. ఎవరిదో గింజ మా ఇంట్లో దాచిపెట్టినట్టనిపించి వేలు తీసేశాను.

కొన్నాళ్ళకు వేడి మొదలైంది. బయట ముసురు. ఇంటి ముందు పంచలో కూర్చున్న మనిషికి ఛాతీలోంచి మంట ముఖానికెక్కి బనియను తడిసిపోయేది. చూస్తే జ్వరం ఉండేది కాదు. కాసేపటికి చల్లబడి వణికేవారు.

ఆయన పుట్టు రైతు. నారుమడి కోసం విత్తనం నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, గడ్డి కప్పి, లోపలికి చెయ్యి దూర్చి చూసేవారు. వేడి తగిలితే మొలక వస్తున్నట్టే. ఆ వేడినే తన ఒంట్లో గుర్తుపట్టారు.

"మండె వేడెక్కిందే."

"బాగుంది సంబడం! ఊడ్పులకి ఎప్పుడు పిలవమంటారు కూలీల్ని?"

"నవ్వకు. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. ఒళ్ళు కాలుతోంది. గింజ గట్టిదనం పోయి, అంచు తెలియకుండా మెత్తబడింది. నానిన విత్తనం అలాగే ఉంటుంది. నా నవ్వు ఆగిపోయింది.

తడి తగలకపోతే మొలక ఎండిపోతుందని ఆయన గొంతు తడిపే గుక్క తప్ప మంచినీళ్ళు మానేశారు, మజ్జిగ మానేశారు. నేను చెంబు పక్కన పెడితే అరటిపాదులో పోసేవారు. పెదవులు పగిలి, మాట పీలగా వచ్చేది. "రెండో గింజ పెట్టించుకోను. ఒక్కదానికే ఇలా ఉంది" అన్నారు. నీళ్ళు లేక ముందు పోతారా, సూది లేక జబ్బు తింటుందా అని నా భయం. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆయన పొట్టకు చెవి ఆనించి వినేదాన్ని. ఏం వినబడుతుందని వినేదాన్నో!

నెల తిరగ్గానే బతిమాలి ఆటో ఎక్కించాను. సంగతి చెబితే సిస్టర్ గారు నవ్వలేదు.

"అది విత్తనం కాదు బాబాయ్ గారూ. ఆపరేషన్లో కరిగిపోయే కుట్లేస్తారు చూడండి, ఆ జాతిది. మందేమో మాంసకృత్తుల్లాంటిది, మింగితే అన్నంతోపాటు అరిగిపోద్ది. అందుకని దీంట్లో కలిపి పెడతాం. ఇది కరుగుతా రోజూ కాస్త వదులుద్ది. ఆ మందు మగ హార్మోన్ని తగ్గిస్తే జబ్బుకి తిండుండదు. హార్మోను తగ్గితేనే ఆ ఆవిర్లు."

"మరి ఊక?" అన్నారు మా ఆయన.

"ఊకా?"

"గింజ కరిగాక పైది మిగలాలి కదండీ."

"ఏం మిగలదు. అంతా కరిగి, నీళ్ళయి, ఊపిరిలో గాలయి పోద్ది."

ఆయన చొక్కా మీదుగా బొడ్డు పక్కన తడుముకున్నారు. "ఊక లేదంటే బియ్యంలాంటిదన్నమాట. బియ్యం చల్లితే నారు రాదుగా" అని తనలో తనే అనుకుని, చొక్కా రెండో వైపు పైకెత్తారు. సూది అయ్యాక మంచినీళ్ళడిగారు. సీసా ఎత్తి గటగటా తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఆయన ఊపిరి వెచ్చగా నా మెడకు తగులుతోంది. మొదటి గింజ వెళ్ళిపోతోందనిపించింది. ఆటో మలుపు తిరిగేదాకా నేను గాలి పీల్చలేదు.