మా వంశపు పిల్లంగోవి

తమిళనాట కోవిల్‌పట్టి పక్కనున్న మా పాళెగాళ్ల పాళెం ఎన్నో దండయాత్రలను తట్టుకుంది. దాని పరువును ఒక్క మధ్యాహ్నంలో, ఒంటిచేత్తో, ఖాళీ కడుపుతో నేలమట్టం చేసినవాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, కానీ కూర్చుని నవ్వండి. మా ఇంటి సంగతి నిలబడి వినడం మర్యాద కాదు.

కోట పోయింది, భూములు పోయాయి. మిగిలింది ఒంటిరెక్క గేటు, వంగని నా వెన్నెముక, కులదేవత జాతరలో తొలి మర్యాద. అంటే పూజారి వారసుడి తలకు పాగా చుడతాడు. అందుకు జాతర వారమంతా పొగా మందూ ముట్టకూడదు, ఆ పూట ఉపవాసం ఉండాలి. నియమం తప్పితే పాగా విరుదునగర్‌లో ఉండే మా చిన్నాయన తలకెక్కుతుంది. ఆయన ఏటా జాతరకు తల నున్నగా దువ్వుకుని మరీ వస్తాడు.

అప్పుడు నేను ప్లస్ టూ చదువుతున్నాను. పెన్‌డ్రైవ్‌లా కనిపించే వేప్‌లు, అంటే కరెంటు సిగరెట్లు, పళ్ల వాసనతో మా బడి పిల్లల జేబుల్లోకి దూరుతుంటే, వాటిని మాన్పించడానికి విద్యార్థులమే ఒక బృందం కట్టాం. నాయకత్వం సహజంగా నాకే రావాలి. టీకొట్టువాళ్ల అమ్మాయి మలర్‌కి వచ్చింది. ఆ ఏడు జాతరలో మా బృందం నాటకం కూడా పెట్టుకుంది.

ఆ ఉదయం స్టేజీ వెనక చిన్నాయన కొడుకు కార్తి వేప్‌తో నాకు దొరికిపోయాడు.

"అన్నా, మా నాయనకి చెప్పొద్దన్నా! తోలు వలిచేస్తాడు."

"మానెయ్యరా మరి."

"మానుదామనే చూస్తా ఉండాను. అది లేకుంటే క్లాసులో కూచోలేను, చెయ్యి వణుకుతాది."

అంటూనే గొట్టం నా చేతిలో పెట్టాడు. వాడి పేరు బయటపెట్టనని వంశం మీద ఆనవేసి, ఆ గొట్టాన్ని పంచె నడుం మడతలో దోపాను. మలర్ చూసింది.

"దాన్ని సార్‌కి ఇచ్చేసెయ్ రాజా."

"మా నడుంకన్నా భద్రమైన చోటు ఈ జిల్లాలో లేదు."

"నీ నడుంలో పంచే నిలవదు, ఇంకేం నిలుస్తాది?"

ఇక మా ఇంటి ఆచారం వినండి. పాగా చుట్టేముందు వారసుడు నడుం మడతలో ఉన్నదాన్ని అమ్మవారి తట్టలో వెయ్యాలి. చూడకుండా వెయ్యాలి. చూసి వేసేవాడు పిసినారి. పూర్వం బంగారం పడేది, ఇప్పుడు చిల్లర నాణెం పడుతుంది. ఉరుమి డోళ్లు మోగుతున్నాయి. నేను తల ఎత్తి, కయత్తారు గాలిమరలా నిటారుగా నిలబడి, మడతలోంచి తీసి వేశాను.

నాణెం 'టింగ్' అనాలి. ఇది 'టక్' అంది.

"ఏమిరా అది తట్టలో?" చిన్నాయన మెడ సాగింది.

నిజం చెబితే 'ఎవరిది?' అంటారు. మాట ఇచ్చాను. తెలియదంటే పరువు పోతుంది. నా నోరు నన్నడగకుండానే జవాబు చెప్పింది.

"మా వంశపు పిల్లంగోవి."

"బొక్కలు యాడరా?"

"ఒకటి చాలు చిన్నాయనా. మా రాజులు వేళ్లు కదిపేవాళ్లు కాదు."

"సరి, తట్టలోంచి తీసి ఊదు. అమ్మ వింటాది."

ఊదాను. చప్పుడు లేదు. గట్టిగా ఊదాను. చెవులు వేడెక్కాయి. మళ్లీ ఊదడానికి గొట్టం నోట్లోనే ఉంచి గుండెనిండా గాలి పీల్చాను. చూశారా, తెలివి! గొట్టం కొసన నీలం లైటు వెలిగింది. గొంతులో ఎవరో మిరపకాయ తొక్కుతో చీపురు కట్టి ఊడ్చినట్టయింది. మామిడిపండు వాసనతో ముక్కులోంచి, నోట్లోంచి వచ్చిన పొగ శివకాశి టపాసుల వాళ్లు చూస్తే టోకున కొనేవాళ్లు. డోళ్లు ఆగిపోయాయి. పొద్దున్నుంచీ ఏమీ లేని కడుపు తిరిగింది, గుడి తిరిగింది, వంగని నా వెన్నెముక మూడు మడతలు పడింది.

"అమ్మ ముందర పొగ!" చిన్నాయన చేతులెత్తి కేక వేశాడు. "తప్పినాడు! పూజారీ, పాగా ఇట్లా తే!" అని తల వంచాడు.

అప్పుడు గుంపును తోసుకుంటూ కార్తి పరుగెత్తుకొచ్చాడు. నన్ను కాపాడతాడనుకున్నాను.

"అన్నా, అంతా పీల్చెయ్యొద్దన్నా! నాకు కొంచెం ఉంచు!"

వంచిన చిన్నాయన తల వంచినట్టే ఉండిపోయింది. పూజారి పాగా పట్టుకుని నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. పొగ రెండిళ్లకూ అంటుకుంది, ఇక ఏ తలకు చుట్టాలో ఆయనకు తోచలేదు. అంతలో మలర్ మైకు అందుకుని నన్నూ, కార్తినీ వేలితో చూపించింది.

"చూసినారు గదా? ఒక్క పీల్పుకి ఇది, దినమూ పీల్చేవాడికి అది. మా నాటకంలో మొదటి రంగం అయిపోయింది." తర్వాత పూజారి వైపు తిరిగి, "సామీ, హెడ్‌మాస్టర్ వేషానికి మాకు పాగా లేదు. అది ఖాళీగానే ఉంది గదా, ఇస్తారా?" అంది.

ఇచ్చేశాడు!

కార్తి తోలు చిన్నాయన వలవలేదు. మలరే ఆయన వెంటపడి వాణ్ణి మధురై డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేలా చేసింది. మానడానికి వాడు చాలా అవస్థపడ్డాడు, కానీ మానాడు. ఇప్పుడు ఆ నాటకంలో వాడిదే ముఖ్య పాత్ర. నా వేషం. నాకన్నా బాగా దగ్గుతాడని విరుదునగర్ దాకా పేరు.

కాబట్టి మా గేటుకు మిగిలిన ఆ ఒక్క రెక్క మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. నడుంలో ఏముందో చూడకుండా ఇంకెప్పుడూ తట్టలో వెయ్యను. చార్జింగ్ పెట్టాల్సిన పిల్లంగోవిని ఎన్నటికీ ఊదను. పిసినారి అంటారా, అనుకోండి.