మెట్ల మలుపులో ఇరుక్కున్న వేడినీళ్ల ట్యాంకు

నాకు ముక్కుమీద కోపం. ముందే చెప్పేస్తే ఓ గొడవ వదిలిపోతుంది. తొమ్మిదేళ్లుగా జహనుమాలో బాలమ్మ ఇంటి రెండో అంతస్తులో అద్దెకుంటున్నాను. ఆ తొమ్మిదేళ్లూ ఆమెతో పొగ గురించి కొట్లాడుతూనే ఉన్నాను. తెల్లారకముందే లేచి కింద బర్రెల కొట్టం పక్కన కట్టెల పొయ్యి అంటించేది. దానిమీద పెద్ద రాగి కాగు. ఆ నీళ్లతోనే పాల క్యాన్లు కడగాలి, ఆ నీళ్లతోనే ఇంటిల్లిపాదీ స్నానాలు చేయాలి. పొగ మాత్రం నేరుగా నా వంటింటి కిటికీలోకి వచ్చేది. నేను బడికి కట్టుకెళ్లే చీరలన్నిటికీ అదే వాసన.

"బాలమ్మా, నన్నేమైనా ఎండుచేప అనుకున్నావా, ఇట్లా పొగబెడుతున్నావు?" అని పైనుంచి అరిచేదాన్ని.

"జెర గట్టివడ్తవు తియ్ టీచరమ్మా, బడి పిల్లలు భయపడ్తరు!" అని కిందనుంచి జవాబు వచ్చేది.

బాలమ్మ పద్దెనిమిదేళ్లకు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు అరవై. అప్పుడు కొట్టంలో ఎనిమిది బర్రెలు ఉండేవట, ఇప్పుడు నాలుగున్నాయి. ఈ నలభై రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా వేరే ఇంట్లో నిద్రపోలేదంటే నేను మొదట నమ్మలేదు. పెళ్లికి పిలిచినా, పేరంటానికి పిలిచినా ఆమె నోట ఒకటే మాట: "నేను లేకుంటే వీటినెవరు జూస్తరు?" బాధగా అనేది కాదు, గొప్పగానే అనేది. వాళ్లమ్మది షాద్‌నగర్. ఫలక్‌నుమాలో రైలెక్కితే దగ్గరే. ఇరవై ఏళ్ల కింద ఆ తల్లి మంచాన పడి, బిడ్డను చూడాలని మూడుసార్లు కబురు పెట్టిందట. ఇక్కడ ఒక బర్రె ఈనేటట్టుంది. బాలమ్మ పోలేదు. బర్రె ఈనింది, అక్కడ తల్లి పోయింది. ఈ సంగతి నాకు ఒకసారి పాలు పోస్తూ పోస్తూ చెప్పింది, ధర చెప్పినంత మామూలుగా.

పోయిన చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. పొగ దగ్గర కూర్చుంటే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు నందు నాలుగుచోట్ల విచారించి హీట్ పంప్ కొనుక్కొచ్చాడు. మూడంతస్తులకూ ఒకటే ట్యాంకు. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలోకి పంపే మిషను అది, గీజరు కంటే కరెంటు తక్కువ కాలుతుందని చెప్పాడు.

"గాలిని తిని నీళ్లు కాగవెడ్తదా? గా గాలేదో నేనే తింట, నన్నే వెట్టరాదుండ్రి పైన!" అంది బాలమ్మ. కానీ లోలోపల సంబరమే. ముందురోజే పొయ్యి పగలగొట్టించి, కాగు కడిగి బోర్లించింది.

బిగించే రోజు పొద్దున్నే ఇంట్లో ఒక చిన్న లొల్లి అయింది. కోడలు స్రవ్య, డిగ్రీ చదివిన పిల్ల, పెళ్లయి రెండేళ్లు. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అయింది, ఒక వారం పోయి ఉంటానని నాలుగు రోజులుగా అడుగుతోంది. ఎంత దూరమని? సైదాబాద్. ఆటో ఎక్కితే అరగంట.

"మల్లి ఇయ్యాలో రేపో ఈనేటట్టుంది. ఇప్పుడెట్ల పోతవ్?" అంది బాలమ్మ. మల్లి అంటే కొట్టంలో అన్నిటికంటే చిన్న బర్రె. దూడగా ఉన్నప్పుడు తల్లి పోతే బాలమ్మే సీసాతో పాలు పట్టి పెంచింది.

"నన్నెన్నడన్న కొట్టంలకు రానిచ్చిన్రా అత్తమ్మా? నేనుండి ఏం జేస్త?"

"నీకు తెల్వదు, బర్రె బెదుర్తది. నువ్వు ఇంట్ల పని చూస్కో సాలు."

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని లోపలికి పోయింది. నేను వరండాలోంచి అంతా విన్నాను. వినకూడదని ఏమీ అనుకోలేదు.

ఎనిమిదిన్నరకు బిగించే అబ్దుల్ వాహెద్ ముగ్గురు మనుషులతో వచ్చాడు. గాలి లాగే మిషను సులువుగానే దాబా మీదికి ఎక్కింది. ట్యాంకు మాత్రం మనిషెత్తు ఉంది, పైగా చుట్టూ చెక్క చట్రం, అట్ట, థర్మాకోలు.

"అమ్మా, కిందనే ఇప్పేద్దాం. సన్నగైతది, మెట్లు మస్తు ఇరుకున్నయ్" అన్నాడు వాహెద్.

"ఏయ్, ముట్టకు! కొత్త సామాను. పైన దాని జాగల నిలవెట్టి, పసుపు కుంకుమ వెట్టి, కాయ కొట్టినంకనే ఇప్పాలె. పంతులు పదకొండు ఇరవైకి మంచిగుందన్నడు."

"ఠీక్ హై అమ్మా, మీ ఇష్టం."

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఆమె ముందే పైకొచ్చింది. సరిగ్గా నేను సంచీ తగిలించుకుని తలుపు తాళం వేస్తున్నాను. పదో తరగతికి పరీక్ష పెట్టాను ఆ రోజు. కింద నుంచి "జోర్ లగావ్, ఔర్ థోడా" అని కేకలు. మొదటి అంతస్తుకూ మాకూ మధ్య మెట్ల మలుపు దగ్గర ట్యాంకును వాల్చి తిప్పబోయారు. చట్రం మూల ఒకటి గోడలో దిగింది, ఇంకోటి పైన శ్లాబుకు తన్నింది. అంతే. పైకీ రాదు, కిందికీ పోదు. మధ్యలో పిల్లి దూరే సందు కూడా లేదు. పక్కింటి దాబా మాకంటే నిలువెత్తు పైన ఉంది. ఇక వేరే దారంటూ లేదు.

"పది మినిట్ల తీస్తం అమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు వాహెద్. ముప్పావు గంట గడిచింది. చట్రం కోసేస్తామని రెండుసార్లు అడిగాడు. పూజ కాకుండా వీల్లేదని రెండుసార్లూ బాలమ్మ పైనుంచి కసిరింది. నాకు తిక్క రేగిపోయింది.

"నీ ముహూర్తం తగలెయ్య! నా పరీక్ష ఏం కావాలి?" అన్నాను.

"పిల్లలు సల్లగుంటరు తియ్, ఒక్క పరీచ్చ లేకుంటే" అంది.

అప్పుడు అరిచింది మల్లి. మామూలు అరుపు కాదు. బాలమ్మ పళ్లెం కింద పెట్టి వరండా కటకటాల దగ్గరికి పరుగెత్తింది. మా వరండాలోంచి కొట్టం కనిపిస్తుంది కానీ సగమే. మిగతా సగం మీద రేకులు కప్పారు. మల్లి తల ఇటు, వెనకభాగం రేకుల కింద. తల మాత్రం కనిపిస్తోంది, కళ్లు తెల్లగా తేలేసింది.

"ఓ నందు వాళ్ల బాపూ! మల్లిని జూడు!"

ఆమె భర్త లక్ష్మయ్య వచ్చాడు పాపం. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది ఆయనకు. నందు పాలు పోయడానికి చార్మినార్ వైపు పోయాడు. ఫోన్ చేస్తే ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు. పశువుల డాక్టరు గంట పడుతుందన్నాడు.

బాలమ్మ మెట్ల వైపు ఉరికి, రెండు చేతులతో ఆ ట్యాంకును తోసింది. కదల్లేదు. గోడకూ చట్రానికీ మధ్య చెయ్యి పెట్టి దూరబోయింది. భుజం దగ్గర చర్మం లేచిపోయింది.

"కొయ్యి భాయ్! కాయ లేదు, కర్పూరం లేదు, కొయ్యి!" అని అరిచింది.

వాహెద్ రంపం పట్టాడు. కానీ చట్రానికి ఇనుప పట్టీలున్నాయి, రంపం బెత్తెడు కూడా ఆడదు అక్కడ. కొర్ కొర్ మని చప్పుడు వస్తోంది గానీ పని సాగడం లేదు.

ఆమె మళ్లీ వరండాలోకి వచ్చింది. "ఇంట్ల ఎవ్వరు లేరా? స్రవ్యా! వెనకకు పోయి జూడు, ఏం గనవడ్తుంది?"

స్రవ్య రేకుల కిందికి పోయింది. "కాలు కనవడ్తుంది అత్తమ్మా. మూతి గూడ. నాలిక బయటికొచ్చింది."

"కాళ్లు రెండున్నయా?"

"ఒక్కటే."

"మంచిగ జూడు పిల్లా!"

"ఒక్కటే అత్తమ్మా!"

బాలమ్మ కటకటాలు పట్టుకుని అట్లే కిందికి కూలబడింది. ముందరి కాళ్లు రెండూ, వాటి మీద మూతీ రావాలట. ఒక కాలు లోపలే మడత పడితే దూడ బయటికి రాదు. అట్లాగే లాగితే తల్లీ దక్కదు, దూడా దక్కదు. "నేను జేసిన ఇట్ల, మూడుసార్లు జేసిన, నా చేతికి తెలుసు" అంటూ తన చేతులు తనే చూసుకుంది. ఆ చేతులు ఇక్కడున్నాయి, బర్రె అక్కడుంది. నాకు పరీక్ష మాటే గుర్తులేదు.

"బాలమ్మా, చెప్పు. నోరుంది కదా, చెప్పు ఆ పిల్లకు!" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె లేచింది.

"స్రవ్యా, గాజులు తియ్. గ్యాసు మీద నీళ్లు కాగవెట్టు. సబ్బుతోటి మోచేతి దాక కడుక్కో, కొబ్బరి నూనె రాస్కో."

"నేనా? నాకు రాదు అత్తమ్మా! నాకు భయమైతుంది!"

"నాకు గూడ భయమైతుంది బిడ్డా. నేను జెప్త, నువ్వు జెయ్."

లక్ష్మయ్య ఎడమచేత్తో మల్లి ముకుతాడు పట్టుకున్నాడు. స్రవ్య రేకుల కింద ఎక్కడో ఉంది, మాకు గొంతు మాత్రమే వినిపిస్తోంది. బాలమ్మ మల్లి చెవులూ కళ్లూ చూసి చెబుతోంది. "ఇప్పుడు ముక్కుతుంది, ఆగు. చెయ్యి కదపకు. ఆఁ, ఇడిసింది, ఇప్పుడు దూడ తలకాయను మెల్లగ లోపలికి నూకు. మెల్లగ! మెడ పక్కకెల్లి చెయ్యి వోనియ్. మోకాలు తగిలిందా?"

"ఏమో... గట్టిగేదో ఉంది."

"అదే. ఇంక కిందికి వో. గిట్టె దొరుకుతది. గిట్టెను అరచేతుల మూస్కో, లేకుంటే లోపల చీరుతది."

 మెట్లలో రంపం ఆగింది. బాలమ్మ కుడిచెయ్యి గాలిలో మడత పడి, మూసుకుని, మెల్లగా తనవైపు వస్తోంది. ఆమెకు తెలియకుండానే ఆ పని ఇక్కడ చేస్తోంది.

"వచ్చింది! అత్తమ్మా, రెండో కాలొచ్చింది!"

"గుంజు! అది ముక్కినప్పుడే, కిందికి, పొదుగు దిక్కు గుంజు!"

దూడ పడింది. కదలడం లేదని ఏడుస్తూ అరిచింది స్రవ్య. ముక్కులో జిగట తీసి, గడ్డిపోచ పెట్టి, పక్కలు రుద్దమంది బాలమ్మ. గొంతు పోయిందామెకు. సగం మాటలు నేనే మళ్లీ అరిచాను. చివరికి ఒక తుమ్ము వినిపించింది. ఇంత చిన్న తుమ్ము. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకు దాచుకోవాలి?

కాసేపటికి మెట్లలో పట్టీ తెగింది. అట్ట, థర్మాకోలు పీకేశాక ఆ ట్యాంకు అర నిమిషంలో మమ్మల్ని దాటి దాబా మీదికి పోయింది.

"రస్తా ఖుల్లా అమ్మా, దిగుండ్రి" అన్నాడు వాహెద్.

బాలమ్మ దిగలేదు. పై మెట్టు మీద కూర్చుంది. నేను సంచీతో వెనక నిలబడ్డాను. దాటిపోవడానికి జాగా లేదు.

"గప్పుడు ఈయన చేతులు రెండు మంచిగుండె గద, టీచరమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా అమ్మ పిలిచినప్పుడు. చెప్తే చేసేటోడు. నేనే చెప్పలె. నేను లేకుంటే అయితదా అనుకున్న. పొద్దుగాల రైలెక్కితే పొద్దుగూకె వరకు మల్లొస్తుంటి." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పోయేదుండె. మూడుసార్లు పిలిచింది గద."

సంచీ కింద పెట్టి ఆమె వెనకే చతికిలబడ్డాను. 

స్రవ్య పరుగున మెట్లెక్కి వచ్చింది. జుట్టు రేగి, భుజాల దాకా తడి, మొహం వెలిగిపోతోంది. "ఆడదూడ అత్తమ్మా! నిలవడ్డది! పాలు గూడ తాగుతుంది!"

బాలమ్మ ఆ పిల్ల చేతులు పట్టుకుని తన కొంగుతో వేలు వేలూ తుడిచింది. "బట్టలు సదురుకో. మీ అమ్మ కాడికి పో."

"ఇప్పుడా? ఇప్పుడెట్ల పోత అత్తమ్మా?" స్రవ్య నవ్వింది. "నేను లేకుంటే దాన్నెవరు జూస్తరు?"

ఎంత గొప్పగా అందో! బాలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నవ్?"

"దూడ, అత్తమ్మా... నాకే అలవాటైంది గద..."

"నోర్ముయ్!" మెట్టు మీద అరచెయ్యి చరిచి లేచింది బాలమ్మ. "గా మాట ఇంకోపారి నీ నోట్లెకెల్లి వచ్చిందంటే మంచిగుండదు, చెప్తున్న! నందుగాడున్నడు, వానికి చేతుల్లేవా? వారం దాక ఈ గడప తొక్కకు. నడువ్! టీచరమ్మా, దీన్ని తోల్కపో నీ ఎంబడి!"

దాబా మీద నుంచి వాహెద్ అడిగాడు. "అమ్మా, కొబ్బరికాయ?"

"నువ్వే కొట్టు భాయ్!"

స్రవ్య మొహం చిన్నబోయింది. ఎందుకు తిట్టిందో తెలియక, సంచీలో నాలుగు చీరలు పడేసుకుని నాతో ఆటో ఎక్కింది. సందు మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది. చాంద్రాయణగుట్ట దాటేలోపు, అప్పుడే ఇల్లు చేరిన నందుకు రెండుసార్లు ఫోన్ చేసింది. దూడ కింద గడ్డి పరిచారా, మల్లికి వేడినీళ్లతో కడిగారా అని. గ్యాసు మీద కాచిన నీళ్లు ఇంకా ఉన్నాయట, అమ్మే కడుగుతోందట. మూడోసారి నంబరు నొక్కుతుంటే ఆ ఫోన్ లాక్కుని నా సంచీలో వేసుకున్నాను. నా బడి దారిలోనే ఉంది. ఆగవద్దని ఆటో అతనికి చెప్పాను. సైదాబాద్‌లో వాళ్లమ్మ గుమ్మం ముందు దిగేదాకా ఆ ఫోన్ ఇవ్వలేదు.