నేను పడుకుని కొలిచిన వ్యాను

మా వీధి చివర గుడిలో ఒక ట్యూబ్‌లైటు ఉంది. వెలుతురు మాత్రం లేదు. దాత పేరు, దాత తండ్రి పేరు, ఊరు, వ్యాపారం, ఎవరి జ్ఞాపకార్థమో ఆ వివరం, అన్నీ ఎర్ర రంగుతో ఆ గాజు గొట్టం మీదే రాయించారు. ఇక వెలుగు బయటికి రావడానికి సందు దొరకలేదు. పక్కనున్న ఫ్యానుదీ అదే వరస. రెక్కకో పేరు. కరెంటు పోతే తప్ప దాతలెవరో తెలియదు, కరెంటు ఉంటే తప్ప దానమేమిటో తెలియదు. ఈ పేర్ల పిచ్చి మీద నాకు చాలాకాలంగా చిరాకు.

అయితే అలాంటి పేరొకటి ఒకసారి నన్ను నిలువునా ముంచి, ఆ వెంటనే జుట్టు పట్టుకుని ఒడ్డున పడేసింది. ఆ ఘోరమే ఇప్పుడు చెప్పబోతున్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడి గురించి మీరు వినే ఉంటారు. నేను పిల్లితో ఆగలేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం మానేసి, విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, పాత మోటారుసైకిళ్ళకు ప్రాణం పోయడం మొదలుపెట్టాను. ఆరు నెలల్లో ఈ పని నిలబడకపోతే గన్నవరంలో మా మావగారి ఎరువుల కొట్టులో కూర్చుంటానని మా ఆవిడ సుధకు మాటిచ్చాను. మావగారు మంచివారే. కానీ నా కోసం అప్పుడే ఒక కుర్చీ కూడా చేయించారని తెలిసిన దగ్గర్నుంచి నాకు సరిగా అన్నం సయించడం లేదు.

అయిదో నెలలో వెంకటరత్నం గారు వచ్చారు. గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో ఆయనకు రైసుమిల్లు ఉంది. ఆయన వెంట తుప్పు పట్టిన మోటారుసైకిలు ఒకటి.

"మా నాన్నగారిదండీ. ధాన్యం గోడౌన్లో పడుంది. నా షష్టిపూర్తి రోజుకి ఇది మా అమ్మ కళ్ళెదుట దిగాలి. గీత పడకూడదు."

"దానిదేముందండీ. నడుపుకుంటూ వచ్చేస్తాను."

"నడపడం వద్దు. బురద పడుతుంది. వ్యానులో తెచ్చి దించండి. ఇది కుదిరితే మా మిల్లర్ల ఇళ్ళల్లో ఇలాంటివి ఇంకో ఎనిమిదున్నాయి. అన్నీ మీకే ఇప్పిస్తా."

బండి బాగుచేయడం నాకు వచ్చు. వ్యాను కొనడం రాదు. రాదన్న సంగతి కూడా తెలియదు. బళ్ళు మోయాలి, అవసరమైతే దారిలో ఆగిపోయిన వాటిని లాక్కురావాలి, అన్నిటికంటే ముందు చవగ్గా రావాలి. ఇలా వెతుక్కుంటూ మంగళగిరి రోడ్డులో పాత బళ్ళమ్మే కోటయ్య దగ్గర తేలాను. తెల్లగా, కొత్తగా రంగేసిన వ్యాను. పక్కన పెద్ద పెద్ద అద్దాలు. ధర మిగతావాటిలో సగం. ఊరక రారు మహానుభావులంటారు. ఊరకే చవక్కావు వ్యాన్లు కూడా, కానీ ఆ సామెత ఇంకా ఎవరూ పుట్టించలేదు.

"ఎంత దూరం తిరిగిందండీ ఇది?"

"ఊళ్ళోంచి ఊరి చివరికండి. అంతే."

"స్పీడుగా తోలారా?"

"ఎవరికండీ తొందర. నడిచే మనిషిని ఎప్పుడూ దాటి పోలేదు."

"బరువులు?"

"పోయేటప్పుడు ఒకటే శాల్తీ. వచ్చేటప్పుడు ఖాళీ."

"వెనక ఎక్కినవాళ్ళు కుదుపులని ఏమైనా అన్నారా?"

"పద్నాలుగేళ్ళలో ఒక్కళ్ళు నోరెత్తలేదండి."

ఈపాటికి మీకు అర్థమైపోయింది. మీరు తెలివైనవారు. నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ.

లోపల చూద్దును కదా, నేల మీద వరసగా ఇనప రోలర్లు. వస్తువు పెట్టి తోస్తే జారుకుంటూ లోపలికి పోతుంది. అటూ ఇటూ బెంచీలు, బండి పట్టుకునే మనుషులు కూర్చోవడానికి. పైన చుట్టూ కొక్కేలు, తాళ్ళు కట్టడానికి. దీన్ని చేయించినవాడెవడో మోటారుసైకిళ్ళ మీద ప్రాణం పెట్టుకున్నవాడని మెచ్చుకున్నాను. టేపు తేవడం మర్చిపోయాను. నా ఎత్తు నాకు తెలుసు కాబట్టి రోలర్ల మీద వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, తల దగ్గర ఎంత, కాళ్ళ దగ్గర ఎంత మిగిలిందో లెక్కేశాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

కోటయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. "లేవండి బాబూ, లేవండి. మంచిది కాదు" అన్నాడు.

నా చొక్కా మాసిపోతుందని ఆయన బాధ కాబోలు అనుకున్నాను. చివరి పరీక్షగా అక్కడే ఉన్న పాత కారును గొలుసుతో వెనక కట్టి లాగించాను. కిక్కురుమనకుండా లాగింది. కొనేశాను.

ఇంటి ముందు ఆపితే సుధ లోపలికి తొంగి చూసింది. "సాంబ్రాణి వాసనొస్తోందేంటండీ?"

"ముందాయన భక్తిపరుడై ఉంటాడు."

ఆమె ఒక కొక్కేనికి అంటుకుపోయిన ఎండు బంతిపువ్వు తీసి చూపించింది. "మరిది?"

"దసరాకి పూజ చేసి ఉంటారు."

సుధ ఆ పువ్వు వంక, నా వంక మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు స్పేరుపార్టుల కోసం గవర్నర్‌పేట వెళితే, టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకాయన నా వ్యాను చూసి గ్లాసు కింద పెట్టి, లేచి, చేతులు జోడించాడు. నేనూ జోడించాను. మోటారు విద్యకు బెజవాడలో ఇంత గౌరవం ఉందని అప్పటిదాకా తెలియదు.

షష్టిపూర్తి రోజు వచ్చింది. మెరిసిపోతున్న మోటారుసైకిలును రోలర్ల మీద పలక వేసి నిలబెట్టి, ఆ కొక్కేలన్నిటికీ తాళ్ళు కట్టి బయల్దేరాను. కంకిపాడు దాటగానే వాన. అద్దంలో చూస్తే వ్యాను వెనక తెల్లటి నీళ్ళు ధారగా పోతున్నాయి. పాలు పొంగినట్టుంది, శుభమే అనుకున్నాను. కోటయ్య వేసింది గోడలకు వేసే రంగని నాకెలా తెలుస్తుంది?

వెంకటరత్నం గారి ఇంటి ముందు పెద్ద పందిరి. సన్నాయి మోగుతోంది. ముందు వరస కుర్చీలో ఆయన తల్లి మహాలక్ష్మమ్మ గారు, ఎనభై దాటిన మనిషి. ఆవిడ ఎదుటే దింపాలి కాబట్టి వ్యాను వెనక్కి తిప్పి పోనిచ్చాను. ఎవరో వెనక నిలబడి చెబుతున్నారు.

"రానీ, రానీ, రానీ... ఆపు."

నేను ఆపాను. సన్నాయి కూడా ఆగింది.

"దీన్నెవరు పిలిచారు?" అన్నారు పురోహితుడు గారు.

"ఇంకా అరవయ్యే కదండీ" అన్నారు వెనక నుంచి ఎవరో.

దిగి వెళ్ళి చూశాను. వాన తన పని శుభ్రంగా చేసుకుపోయింది. వెనక తలుపుల మీద నీలం అక్షరాలు. పై లైను: వైకుంఠ రథం. కింద: కీ.శే. వీరరాఘవయ్య గారి జ్ఞాపకార్థం, కుమారుడు వెంకటరత్నం.

మావగారు చేయించిన కుర్చీ నా కళ్ళ ముందు కదిలింది. మెత్త కూడా కనపడింది.

వెంకటరత్నం గారు పట్టుబట్టల్లో నా పక్కకు వచ్చి, ఆ రాతనే చూస్తూ నిలబడ్డారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఇది నేనిచ్చిందేనండీ. నాన్న కాలం చేసిన ఏడాది ఊరి కమిటీకి చేయించి ఇచ్చాను. కొత్తది వచ్చాక అమ్మేశారని విన్నా."

"నాకు తెలియదండీ."

"కొనేముందు చూసుకోలేదా?"

"పడుకుని కూడా చూశానండీ."

ఆయన ఏదో అనబోయారు. ఇంతలో మహాలక్ష్మమ్మ గారు కుర్చీలోంచి కేకేశారు. "ఏంట్రా అది? ఏం రాసుంది?"

వెంకటరత్నం గారు ఆవిడ వైపు తిరిగారు. "నాన్న పేరమ్మా."

"మీ నాన్న పేరు రాయించుకొచ్చాడా ఈ అబ్బాయి? బుద్ధిమంతుడు. సన్నాయి ఆగిందేం? వాయించమనండి."

సన్నాయి అందుకుంది. పురోహితుడు గారు వ్యాను మీద రెండు చుక్కల నీళ్ళు చల్లి తన బాధ్యత తీర్చుకున్నారు. నేను తలుపులు బార్లా తెరిచేసరికి రాతలన్నీ పక్కలకు తిరిగిపోయాయి. మోటారుసైకిలు రోలర్ల మీద జారి, చిన్న కుదుపు లేకుండా నేలకు దిగింది. ఆ వ్యానుకు పద్నాలుగేళ్ళ అనుభవం మరి.

రెండో కిక్కుకే స్టార్టయింది. మహాలక్ష్మమ్మ గారు దగ్గరికి వచ్చి, సీటు మీద చెయ్యి వేసి, కాసేపు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఈ చప్పుడు కాలవ గట్టు మీద వినపడితే నేను కంచం పెట్టేదాన్ని" అన్నారు.

వెంకటరత్నం గారు కండువాతో మొహం తుడుచుకుని నా భుజం తట్టారు. ఎనిమిది బళ్ళూ నాకే వచ్చాయి. మావగారు చేయించిన కుర్చీలో ఇప్పుడు ఆయన గుమాస్తా కూర్చుంటున్నాడు. నడుము నొప్పిగా ఉందంటున్నాడట.

ఆ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని, అప్పడం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. గోటితో రంగు గీకి చూడనిదే ఈ జన్మలో ఏ వాహనమూ కొనను. ఎంత చవకైనా, పొడవు ఎంత బాగా సరిపోయినా, నా అంతట నేనుగా అందులో పడుకోను. ఆ పని ఎప్పుడో ఒకరోజు నలుగురూ కలిసి చేయిస్తారు. అప్పటిదాకా ఓపిక పడతాను.

బయల్దేరబోతుంటే మహాలక్ష్మమ్మ గారు పిలిపించారు. చేతిలో తాంబూలం పెట్టి, ఇటూ అటూ చూసి, నన్ను కాస్త వంగమన్నారు.

"నాయనా, పై లైను కూడా చదివాను. ఈసారి మా ఇంటికొస్తే బస్సులో రా."