పిన్ని పెట్టిన కృతజ్ఞత కూడిక

“భయ్యా, మా నహీ రహీ,” అంది చెల్లెలు ఫోనులో, అమ్మ ఇక లేదని. మా పిన్ని కూతురు. ఈ హిందీ ఊళ్ళోనే పెరిగింది, నేను తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిస్తుంది. జుగ్సలాయి గోదాములో సరుకు దించిస్తున్నవాణ్ణి, ఆ పని వేరొకరికి అప్పజెప్పి అదే ఊళ్ళో సిద్ధగోరాలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళాను. ఉన్న ఒక్క పెద్ద గది మధ్యలో పిన్నిని పడుకోబెట్టారు. మూలన మంచం మీద చిన్నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు.

ఆ గోడ గురించి చెప్పకుండా పిన్ని గురించి చెప్పలేను.

చిన్నాన్న కాంట్రాక్టు పనిలో పరంజా మీంచి జారి పడేనాటికి చెల్లెలు ఇంకా బడిలో ఉంది. నడుము కింద ఆయనకు స్పర్శ పోయింది. మళ్ళీ నడుస్తాడా అని ఎప్పుడు అడిగినా డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమనేవారు. పిన్ని టెల్కో కాలనీలో వంటపనికి కుదిరింది.

మా సంఘంలో మేలు జరిగిన ఇంట కృతజ్ఞత కూడిక పెడతారు. ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడి, వచ్చినవాళ్ళకు భోజనం పెడతారు. మేలు జరిగాకే ఎవరైనా పెట్టేది. పిన్ని మాత్రం చిన్నాన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి మోసుకొచ్చిన వారంలోనే పెడతానంది. పాస్టరుగారు ఇబ్బందిపడ్డారు. నయమయ్యాక చూద్దాం, ఇప్పటికి దీన్ని ప్రార్థన కూడిక అందాం అన్నారు.

“మా ఇంటాయన్ని లేపితేనే దణ్ణం పెడతాననడం దేవుడితో బేరం కదా అయ్యగారూ. లెగుత్తాడో లేదో నాకు తెలీదు. దేవుడు మమ్మల్ని ఒగ్గీసి పోలేదని మాత్రం తెలుసు. దానికే ఈ కూడిక,” అంది పిన్ని.

చిన్నాన్న మంచంలోంచే అడిగాడు. “నా నడుం ఇరిగినందుకా పండగ?” తనను గోడవైపు తిప్పమన్నాడు. ఒకప్పుడు సంఘంలో పాట ఎత్తుకునేది ఆయనే. పిన్ని మెల్లగా తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, చాపలు పరచడానికి వెళ్ళింది.

పక్కింటావిడ మా మతం కాదు. మీ దేవుడు ఏటిచ్చేడనే ఈ విందు అని గుమ్మంలోనే ఎకసెక్కమాడింది.

“నిన్నిచ్చేడు. ఉల్లిపాయలు కోద్దువు గానీ రా,” అంది పిన్ని.

ఆవిడ వచ్చి కోసింది కూడా. ఆ తర్వాత పిన్ని పనికి వెళ్ళినప్పుడల్లా చిన్నాన్నకు పుళ్ళు పడకుండా ఇటూ అటూ తిప్పిందీ ఆవిడే.

ప్రతి ఏడూ పిన్ని ఆ కూడిక పెట్టింది. ప్రతి ఏడూ చిన్నాన్న గోడవైపు తిప్పమనేవాడు. మిగతా రోజుల్లోనూ ఇంట్లో ఎప్పుడు ప్రార్థన జరిగినా అంతే. పిన్ని తిప్పేది, దిండు పెట్టేది, వెళ్ళి పాడేది. బలవంతం చెయ్యలేదు, సాధించలేదు. ఆయన మాత్రం మళ్ళీ నడవలేదు.

పిన్నికి ఎప్పుడూ ధైర్యమే ఉండేదని నేను రాస్తే అబద్ధమవుతుంది. ఒకసారి వెళ్ళేసరికి పెరటి కుళాయి దగ్గర నిలబడి ఉంది. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నా చూసుకోలేదు. కుళాయి నేనే కట్టాను. “ఇయ్యాల ప్రార్థన రాలేద్రా,” అంది. “కూకున్నాను, లెగిసొచ్చీసేను. రేపు మళ్ళీ కూకుంటాను.”

మరోసారి గోదాములో నేను రాసే లెక్కల మీద నవ్వింది. “సరుకు వచ్చాకే నువ్వు పద్దు రాత్తావు. నానలా ఉంటే ఈపాటికి ప్రార్థన గుడి మానీసేదాన్ని.” తర్వాత నిదానంగా చెప్పింది, సుఖంగా ఉన్నప్పుడు ఆదివారం ఒక్కరోజే దేవుడితో మాట్లాడేదాన్నని, ఇప్పుడు పొయ్యి దగ్గరా, బస్సులోనూ తగువాడుతున్నానని. “తగువాడినోళ్ళకే దగ్గరతనం తెలుత్తాది,” అంది. ఆ మాట నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

సమాధి అయిన మూడోనాడు, పోయినవాళ్ళ ఇంట పెట్టే ఆదరణ కూడిక. పక్కింటావిడ ఎవరూ చెప్పకుండానే చాపలు పరిచి ఉల్లిపాయల ముందు కూర్చుంది. జనం రావడం మొదలవగానే చెల్లెలు అలవాటుగా దిండు తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది, తండ్రిని గోడవైపు తిప్పడానికి.

చిన్నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అటు కాదమ్మా. ఇటు తిప్పు.”

చెల్లెలు, నేను కలిసి తిప్పాం. ఆయన పాస్టరుగారిని చూశాడు. “దీన్ని ఆదరణ కూడిక అనకండి అయ్యగారూ. ఇన్నాళ్ళూ మా ఇంటిది పెట్టిన కూడికే పెట్టండి.”

పాస్టరుగారు తల ఊపి పుస్తకం తెరిచారు. పాట ఎవరు ఎత్తుకోవాలా అని అందరూ ఒకరినొకరు చూసుకుంటుండగా మంచం మీంచి గొంతు లేచింది. బొంగురుపోయిన గొంతు, శ్రుతి ఎక్కడో తప్పింది. అయినా అందరం ఆ గొంతు వెంటే వెళ్ళాం.

ఇన్నేళ్ళూ ఆయన నుదురు ఆన్చిన చోట గోడ సున్నం నల్లబడి ఉంది. చెల్లెలు చేతిలో మిగిలిపోయిన దిండును ఆ మరక కింద నిలబెట్టి, వచ్చి వాళ్ళమ్మ కూర్చునే చాప మీద కూర్చుంది.