బావ లారీలో దూరిన గాలి

మా వైపు మగాళ్లంతా ఒకరినొకరు బావ అనుకుంటారు. టీ కొట్టువాడూ బావే, బస్సు కండక్టరూ బావే. కానీ మా చెల్లెలి మొగుడు నన్ను, నేను అతన్ని బావ అన్నామంటే అది ఉత్త పిలుపు కాదు, వరస. స్టీలు ప్లాంటు నుంచి పోర్టుకి ఇనుము తోలే అతని పాత లారీ మీద పదిహేనేళ్లపాటు నా చెయ్యి తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. గోపాలపట్నంలో నా షెడ్డుకి అదే గొప్ప.

ఆ మధ్య లారీ రోజూ పొద్దున్నే మొండికేసేది. డీజిల్ లైన్లో ఎక్కడో గాలి దూరుతోంది. చేతి పంపు కొట్టి గాలి తీసేస్తే స్టార్టయ్యేది. మర్నాటికి మళ్లీ అదే కథ. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాను. ఒక్క బుడగ లేవలేదు. నాలుగు రోజులు ఇదే తంతు. అయిదో రోజు బావ నాతో మాట మాత్రం చెప్పకుండా లారీని పెందుర్తిలో ఇంకో మెకానిక్ షెడ్డుకి తోలుకుపోయాడు.

తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది. ఏదో స్పేర్ పార్టు కోసం వచ్చినవాడిలా నేనూ అక్కడికి వెళ్లాను. ఆ షెడ్డు నాదానికన్నా పెద్దది. దానికీ కుళ్లుకున్నాను.

"ఏటి బావా, ఇలాగొచ్చావ్?" అన్నాడు బావ, నా మొహం చూడకుండా. వెంటనే అటు తిరిగి ఆ మెకానిక్‌ని అడిగాడు. "దొరికిందా బావా?"

అతనూ బావే!

ఆ మెకానిక్ ట్యాంకు పైపుకి మధ్యలో అద్దంలాంటి ప్లాస్టిక్ పైపు ముక్క తగిలించి పంపు కొట్టాడు. అందులో బుడగలు వరసగా పరిగెత్తాయి.

"నురగ రాసి సూసారంటన్నావు కదా. ఈ పైపు గాలిని లోపలికి లాగుతాది బావా, బయటికి ఊదదు. బుడగెలా లేస్తాది?" అన్నాడు.

ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. గాభరాలో బుర్ర పనిచెయ్యలేదు, అంతే.

అతను ట్యాంకు దగ్గర నట్టు విప్పాడు. లోపల సబ్బు పామిన నూలు దారం, కుళ్లి పీచులా ఊడొచ్చింది. మూడు చుట్లు, చివర ముడి. సరైన వాషరు దొరకని రోజు దాని బదులు నేను చుట్టిందే. తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాను.

"ఎవలు సుట్టేరీ దారం?" అని నవ్వాడు మెకానిక్.

బావకి నా ముడి తెలుసు. అయినా మెకానిక్‌తో అన్నాడు.

"దార్లో ఎవడో సేసుంటాడ్లే బావా."

నా పరువు కాపాడాలనే అన్నాడు. దండం పెట్టాల్సిన మాట. కానీ నాకు వినబడింది ఒక్కటే. ఆ పెందుర్తి వాడు బావ, నేను ఎవడో.

"ఎవడో కాదు, నానే సుట్టాను!" అని గట్టిగా అనేశాను. తప్పు నాదని తేలితే తేలనీ. ఆ లారీ మీద ఇన్నేళ్లూ పడ్డ చెయ్యి నాదేనని ఆ పెందుర్తి వాడికి తెలియాలి.